ఫిబ్రవరి దాటని పుస్తకం

మాస్టారు పోయాక ఆయన భార్య నాకిచ్చిన పుస్తకం సగం వరకే తెరుచుకుంటుంది. మిగతా సగంలో పుటలు అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. చెదలు పట్టీ కాదు, తడిసీ కాదు. పాతకాలం పుస్తకాలు కొన్ని అలాగే వచ్చేవిట. పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి, కుట్టేసి, అంచులు కొయ్యకుండానే అమ్మేసేవారట. చదివేవాడే ఒక్కో మడతా కోసుకుంటూ ముందుకు పోవాలి. ఈ పుస్తకాన్ని ఫిబ్రవరి నెల దాకా కోసింది మా మాస్టారే. ఆపైన కొయ్యకుండా వదిలేసిందీ ఆయనే. కోసిన చివరి పుటలో, సగానికి విరిచిన గెడ్డం బ్లేడు కాగితంలో చుట్టి పెట్టి ఉంది.

"ఆయనంటే మాటిచ్చీసి కట్టుబడిపోనారు. నీకేటి బాబూ, నువ్వు కోసుకుని సదువుకో" అని అమ్మగారు దాన్ని నా చేతిలో పెట్టారు, జ్ఞాపకార్థ కూటం అయిపోయిన సాయంత్రం. కొయ్యాలా వద్దా అన్నది అప్పట్నుంచీ నా తలనొప్పి అయింది.

పుస్తకం సంగతి చెప్పాలి ముందు. రెండు వందల ఏళ్ళ కిందట అమెరికాలో ఏదో కాలేజీలో చదువుకున్న ఒక కుర్రవాడు అప్పటి తన రోజుల్ని నెలల వారీగా రాసి పెట్టుకుని, ముసలివాడయ్యాక అచ్చు వేయించాడు. గొప్పవాడేమీ కాదు. పొద్దున్న ఏం తిన్నాడు, ఏ పాఠం అప్పజెప్పలేక నిలబడ్డాడు, ఏ అయ్యవారి కిటికీ మీద రాళ్ళు పడ్డాయి, ఇవే సంగతులు. మా జిల్లాలో పాత మిషన్ బంగళా ఒకటి ఖాళీ చేస్తున్నప్పుడు చిత్తుకాగితాల్లో ఇది మాస్టారి కంట పడింది. ఈ పుస్తకం పట్టుకుని పీహెచ్‌డీకి చేరారు. శ్రీకాకుళం వాడికి అమెరికా కాలేజీ గొడవెందుకయ్యా అని యూనివర్సిటీలో నవ్వారట. "మా తాతకి అక్షరాలు దిద్దించిన దొర అలాంటి కాలేజీల్లోంచే వచ్చాడండి. మనకి సదువు సెప్పినోడు తను ఎలా సదువుకున్నాడో సూసుకోవద్దా?" అన్నారట ఈయన. ఆ మాటకి సీటిచ్చేశారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో అరసవల్లిలో ఆయన పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఆయన మా కాలేజీలోనే చరిత్ర చెప్పేవారు, కాంట్రాక్టు మీద. పీహెచ్‌డీ వస్తే పర్మనెంటు చేస్తారని అందరూ చెప్పుకునేవారు. ఆయనా అదే నమ్మేవారు. సన్నగా, కొంచెం ముందుకి వంగి నడిచేవారు. సైకిలుండేది గాని తొక్కగా చూసినవాళ్ళు తక్కువ. పక్కన నడిపించుకుంటూ వెళ్ళేవారు. అడిగితే, "మాటాడుకోడానికి తోడుంటాది" అనేవారు. టీ సాసర్లో పోసుకుని, తాగడం మర్చిపోయి, మాటల్లో పడేవారు. అమ్మగారు వచ్చి ఆ సాసరు తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చేవారు. ఇది రోజూ జరిగే పనే కాబట్టి ఇద్దరిలో ఎవరూ విసుక్కునేవారు కారు.

క్లాసులో గొడవ జరుగుతుంటే మిగతా లెక్చరర్లు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేవారు. ఈయన గుమ్మం పక్కన ఆగి, లోపల ఏం అరుస్తున్నారో తల వంచి వినేవారు. విన్నాక లోపలికొచ్చి నవ్వేవారు. ఒకసారి మావాడొకడు కిటికీ అద్దం పగలగొట్టి దొరికిపోయాడు. మాస్టారు వాణ్ణి దగ్గరికి పిలిచి, "ఇది పాత తప్పురా. రెండొందల ఏళ్ళ కిందటే సేసీసారు. కొత్తదేదైనా సెయ్యి, అప్పుడు కోప్పడతాను" అన్నారు. వాడికి సగం కూడా అర్థం కాలేదు. మళ్ళీ మాత్రం అద్దం జోలికి పోలేదు.

ఆయన చదివే పద్ధతి ఒకటుండేది. ఇక్కడ ఏ నెలయితే పుస్తకంలోనూ ఆ నెలే. అక్కడ కాలేజీ తెరిచేది వానలు వెనకబట్టాక. కాబట్టి మాస్టారూ ఆ ఏడు అప్పుడే మొదటి మడత కోశారు. ఇవాళ పదో తారీకైతే అక్కడి పదో తారీకు చదవాలి. ముందుకి ఒక్క రోజు కూడా పోకూడదు. అలా కాదండీ, మొత్తం ఒక వారంలో చదివేయొచ్చు కదా అన్నాను. "ఆళ్ళకి రేపేటవుద్దో తెలీదు. నాకు తెలిసిపోతే ఆళ్ళ పక్కనెలా కూకోగల్ను?" అన్నారు. నేను కెమిస్ట్రీ విద్యార్థిని. ఈ లెక్క నా తలకెక్కలేదు.

ఇందులో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన ఆ కుర్రాళ్ళ సంగతులు చెప్పేటప్పుడు దేశమూ కాలమూ చెప్పేవారు కాదు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ గోడ మీంచి, "నిన్న మావోళ్ళు గంట నాలుక ఊడబీకి ఎత్తుకుపోనార్రా. పొద్దున్న ప్రార్థనకి ఒక్కడూ లెగనేదు" అనేవారు. ఇంకో రోజు, "మెస్సులో వెన్న కంపు కొడతంటే గుంటలందరూ కంచాలొదిలీసి బయటికొచ్చీసారు" అనేవారు. ఈయన ఎక్కడో హాస్టలు వార్డెను కూడా కాబోలనుకున్నాను చాలా రోజులు. మా హాస్టల్లో సాంబారు గురించి గొడవ పడుతున్న స్నేహితులకి కూడా ఆ వెన్న సంగతి ఉత్సాహంగా చెప్పాను. ఏ ఊరి హాస్టలురా అది, మనమూ వెళ్ళి మద్దతిద్దాం అన్నారు వాళ్ళు.

నేనే అలా పొరబడితే, రోజూ సాసరు వేడి చేస్తూ చెవిన పడ్డంత వరకే వినే అమ్మగారు పొరబడ్డంలో వింతేముంది?

ఆ జనవరిలో పుస్తకం రాసిన కుర్రవాడి గదిలో ఉండే ఇంకో కుర్రవాడికి దగ్గు పట్టుకుంది. మాస్టారికి అప్పట్నుంచీ స్థిమితం లేదు. "గదిలో నిప్పు నేదు. కట్టెలు కొనుక్కోడానికి నేదు. సిరాబుడ్డిలో సిరా కూడా గడ్డకట్టీసింది. దుప్పటి ఒక్కటే, ఇద్దరు కప్పుకుంటన్నారు" అని టీ దగ్గర చెప్పుకునేవారు. అమ్మగారు ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డారు.

వాళ్ళ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకరు మోకాళ్ళ నొప్పి అంటారు, ఒకరు కోడలి పురుడు అంటారు, ఒకరు కొడుకు పరీక్ష అంటారు. అన్నీ విన్నాక అందరూ కళ్ళు మూసుకుని ఒక్కో పేరూ ఎత్తి ప్రార్థిస్తారు. అమ్మగారు చెప్పింది ఇంతే: "మీ మాస్టారికి తెలిసిన కాలేజీ గుంటడు, హాస్టల్లో దగ్గుతో పడున్నాడు. సలి. కప్పుకోడానికి నేదు." పేరు తెలీదు గనక దగ్గు అబ్బాయి అన్నారు. మాస్టారు పక్కనే ఉన్నారు. కాదనలేదు. నాకు తెలిసి ఆయన కళ్ళు మూసుకుని అందరి కంటే గట్టిగా ఆమెన్ అని ఉంటారు.

ఆ సంఘంలో రాహేలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. భావనపాడు నుంచి వచ్చి, టౌన్లో చేపలమ్ముకుని పిల్లల్ని పెంచింది. ప్రార్థన అంటే ఆవిడకి చేపల బేరంతో సమానం, ఒక పట్టాన వదిలేది కాదు. ప్రతి ఆదివారం మెట్ల మీదే మాస్టారిని ఆపేది. "గుంటడికి దగ్గెలా ఉన్నాది బాబూ?" ఆయన నిన్నటి దాకా చదివింది చెప్పేవారు. "రాత్రి కొంచెం నిద్దరోయాడమ్మా. తోటి పిల్లలు వంతులేసుకుని కూకుంటన్నారు." ఆవిడ సంతోషించేది. అంతటితో ఊరుకుని ఉంటే నేనీ కథ చెప్పే పని ఉండేది కాదు. ఆవిడ ఇంటింటికీ తిరిగి అడిగి, ఒక మంచి ఉన్ని దుప్పటి కొనేసింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రేమవిందు. నేను ప్రేమ కోసం కాదు, విందు కోసం వెళ్ళాను. ఆరాధన అవగానే రాహేలమ్మ దుప్పటి పట్టుకుని అందరి ముందూ నిలబడింది.

"మంచు పడతాదంటన్నారు గదా, అయితే అరకు వేపే అయ్యుంటాది. మా అల్లుడు కొత్తవలసలో రైల్వే పని. కిరండోలు బండిలో పంపించీమంటే పంపించీస్తాడు. ఊరి పేరు సెప్పు బాబూ."

మాస్టారు లేచారు. ఎప్పటిలాగే కొంచెం ముందుకి వంగి నిలబడ్డారు. ఆయన మొహంలో రంగు లేకపోవడం చూసి నేను వంటల వైపు చూడ్డం మానేశాను.

"అమ్మా, ఆ దుప్పటి అందదు. ఆ అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. ఉన్నాడంటే, రెండొందల ఏళ్ళ కిందట. పుస్తకంలో."

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట నవ్వినవాళ్ళు కుర్రాళ్ళు. వాళ్ళ నవ్వు చూసి పెద్దలకి కోపం వచ్చింది. సంఘపెద్ద ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, కుర్చీ వెనక్కి నెట్టి లేచారు.

"సచ్చిపోయినోడి కోసం నెల్లాళ్ళు మా సేత మోకాళ్ళేయించావు. దేవుడితోనా ఎగతాళి? ఈయన్ని ప్రభుబల్ల నుంచి ఆపీండి అయ్యగారూ, రొట్టీ రసం ఇయ్యకండి. సంఘంలో ఉండాలో వద్దో తరవాత సూద్దాం."

మాస్టారికి ఆ చర్చి తప్ప వేరే లోకం లేదు. పిల్లల్లేరు. చుట్టాలు ఊళ్ళు పట్టుకు పోయారు. ఆదివారం ఆ చాప మీద కూర్చోవద్దంటే ఆయన ఏమైపోతారా అని నాకే భయం వేసింది. అమ్మగారు ఆడవాళ్ళ వైపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఈ మనవి చెప్పింది తనేనని చెబుదామని లేవబోతే, మాస్టారు చేత్తో వారించారు.

"ఎగతాళి సెయ్యనేదండి. మీతో పాటు నేనూ ప్రార్థన సేసేను. రెండొందల ఏళ్ళయింది కాబట్టి పోయే ఉంటాడు. కానీ ఈ దగ్గుతోనే పోనాడో, తేరుకుని ముసిలోడయి పోనాడో నాకు తెలీదు. నేనింకా అక్కడికి రానేదు."

గుడ్డసంచీలోంచి పుస్తకం తీసి చూపించారు. ఎక్కడిదాకా కోశారో, ఎక్కణ్ణించి పుటలు అతుక్కుని ఉన్నాయో చూపించారు. అయ్యగారు చూశారు. హెడ్మాస్టరు కళ్ళజోడు పైకెత్తి చూశారు. పుస్తకం చేతులు మారుతూ ఆడవాళ్ళ చాపల మీదకి వెళ్ళింది. ఆ మడతల్ని కొంచెం ఉబ్బించి కన్నుపెడితే లోపల అక్షరాలు కనిపిస్తాయి. నేనైతే ఎప్పుడో చూసేసేవాణ్ణి.

"అయితే ఇప్పుడే కోసీండి. తేలిపోద్ది" అన్నారు హెడ్మాస్టరు. వంటల దగ్గర్నుంచి ఎవరో ఉల్లిపాయలు తరిగే చాకు తెచ్చారు. మాస్టారు దాన్ని పంచెకి తుడిచారు. బతికాడని ఉంటే అందరూ హల్లెలూయ అనేవారు. పోయాడని ఉంటే ఆయన పని అయిపోయేది. చాకు మడతలో పెట్టారు.

"కొయ్యకు బాబూ" అంది రాహేలమ్మ.

దుప్పటి ఇంకా చంకలోనే ఉంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నా పెద్దోడు ఇలగే దగ్గుతోనే పోనాడు. పరాయి ఊర్లో, హాస్టల్లో. నాకు కబురందేసరికి రెండ్రోజులైపోయింది. ఆ రెండ్రోజులూ నేను తిండి మానీసి ఆడు బతకాలని ప్రార్థన సేస్తనే ఉన్నాను. ఆడు అప్పటికే పోయి ఉన్నాడు. ఆ రెండ్రోజుల ప్రార్థనా ఏటైపోనాదయ్యా? సెప్పండి. రెండ్రోజులు ఆలీసమైతే దేవుడికి ఇనపడతాది, రెండొందల ఏళ్ళైతే ఇనపడదా?"

హెడ్మాస్టరు అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు నేల వైపు చూశారు.

"అది కోసీసేరంటే గుంటడు అక్కడితో అయిపోతాడు. కొయ్యకపోతే ఇంకా మంచం మీదున్నట్టే గదా. ఉంటే మనం సేస్తనే ఉండొచ్చు. నాకు మాటియ్యి బాబూ, కొయ్యనని."

మాస్టారు చాకు కింద పెట్టేశారు. "కొయ్యనమ్మా" అన్నారు. ప్రభుబల్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వడ్డనలు మొదలయ్యాయి. నేను వచ్చిన పని చూసుకున్నాను.

ఆ మాట ఖరీదు ఆయనకి తరవాత తెలిసింది. లేదా అప్పుడే తెలుసేమో, అడగలేదు. సగం పుస్తకం మీద సిద్ధాంత వ్యాసం రాస్తే యూనివర్సిటీలో ఒప్పుకోరని గైడు చెప్పారు. పని ఎంతవరకొచ్చిందని అడిగినప్పుడల్లా, "ఇంకా ఫిబ్రవరిలోనే ఉన్నానండి" అనేవారు మాస్టారు. గైడు రిటైరయ్యారు. మాస్టారి పేరు యూనివర్సిటీ వాళ్ళు కొట్టేశారు. ఆయనకంటే వెనక వచ్చినవాళ్ళు పీహెచ్‌డీలు పుచ్చుకుని పర్మనెంటయ్యారు, ఆయన మీద హెడ్లయ్యారు. ఆయన కాంట్రాక్టు మీద చేరి కాంట్రాక్టు మీదే ఇంటికి వెళ్ళారు. నాకు ఒళ్ళు మండేది. విజయనగరంలో లెక్చరరుగా చేరాక ఒకసారి వెళ్ళినప్పుడు అనేశాను కూడా.

"ఇలాంటి పాత పుస్తకాలన్నీ ఇప్పుడు నెట్లో ఉంటాయి మాస్టారూ. మీరు కొయ్యక్కర్లేదు. ఫోన్లో రెండు నిమిషాల్లో చూసి చెబుతాను. మాట తప్పినట్టూ కాదు."

"ఉంటాదిరా. అందుకే నేను బటన్ల ఫోను మార్చనేదు" అన్నారు. కోపం లేదు. సాసర్లో టీ చల్లారిపోయింది. అమ్మగారు వచ్చి తీసుకెళ్ళారు.

కాని ఆయన చదవడం మానలేదు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టగానే మళ్ళీ మొదటి పుట నుంచి. ప్రతి ఏడూ గంట నాలుక పోయేది. వెన్న కంపు కొట్టేది. జనవరిలో ఆ అబ్బాయికి మళ్ళీ దగ్గు పట్టుకునేది. మాస్టారు చర్చిలో లేచి చెప్పేవారు. ఫిబ్రవరిలో కోసిన చివరి పుట దాకా అందరూ ప్రార్థించేవారు. అంతటితో ఆ ఏటికి సెలవు. పంపించడానికి వీల్లేని ఆ దుప్పటి రాహేలమ్మ మాస్టారికే ఇచ్చేసింది. శ్రీకాకుళం చలికి అది ఎక్కువే. అయినా రథసప్తమి జనం ఆటోల్లో దిగి గుడికి పోతుంటే, ఈయన అరుగు మీద ఆ దుప్పటి కప్పుకుని, చెమటలు కక్కుతూ చదువుకునేవారు. ఇది నేను చాలా ఏళ్ళు చూశాను. చూసినప్పుడల్లా ఈయన జీవితం పాడుచేసుకున్నాడనే అనుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా కాదనలేను.

రాహేలమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ తరవాత సంఘంలో పెరిగిన పిల్లలకి దగ్గు అబ్బాయి ఎవరో తెలీదు. జ్ఞాపకార్థ కూటంలో నా పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి ఊరికే అడిగాను. "మాస్టారి కొడుకండి. సిన్నప్పుడే జబ్బు సేసిందంట" అన్నాడు. నేను సరిదిద్దలేదు.

పుస్తకం ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళు ముట్టుకోలేదు. మొన్న సెలవు రోజు పొద్దున్నే బల్ల ముందు కూర్చుని, ఇక తేల్చేద్దామని బ్లేడు చుట్టిన కాగితం విప్పాను. సైన్సు చెప్పుకునేవాణ్ణి, సగం తెరిచిన పుస్తకం ఇంట్లో పెట్టుకుని ఎన్నాళ్ళు తిరగ్గలను? అప్పుడే ఫోను మోగింది. అమ్మగారు.

"బాబూ, ఆ పుస్తకం నీ కాడే ఉన్నాది గదా. ఆ గుంటడికి దగ్గు ఎప్పుడు మొదలవుద్ది? ఎప్పుడూ మీ మాస్టారే సెప్పేవోరు. జనవరని తెలుసు గాని తారీకు తెల్దు. ఇప్పుడు నేనే లేచి సెప్పాల."

బ్లేడు పక్కన పెట్టి పుటలు తిప్పాను. చదివినచోటల్లా అంచులు మెత్తబడిపోయి ఉన్నాయి.

"ఇంకా పదిరోజులుందమ్మా."

"అయితే ఇప్పటికి బాగానే ఉన్నాడా?"

ఆ రోజు తారీకు వెతికాను. "బాగానే ఉన్నాడు. గడ్డకట్టిన చెరువు మీద జారుడాట ఆడి బోర్లా పడ్డాడు. అందరూ నవ్వుతున్నారు."

అమ్మగారు కూడా నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వగా వినడం నాకదే మొదలు.

"బాబూ, ప్రతి ఏడూ దగ్గొచ్చీసినాకే మొదలెడతన్నాం. ఈపాలి ముందరే, ఈ ఆదివారమే సెప్పీస్తాను. రాకముందే సేస్తే మంచిది గదా? ఏటంటావు?"

బ్లేడు మళ్ళీ కాగితంలో చుట్టేశాను.

"సెప్పీండమ్మా. ఆలీసం సెయ్యకండి" అన్నాను.